రాజు పోతే రాజ్యం ఎవరికి?

వీడియో గేమ్ అంటే తుపాకులు, కార్లు, కొట్టుకోవడాలు... అమ్మల్లో చాలామందికి ఉన్న అభిప్రాయం ఇదే. కానీ కాలేజీ పిల్లలు, ఆ మాటకొస్తే ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లు కూడా తలలు పట్టుకుని ఆడే ఆట ఒకటుంది. అందులో గెలుపు కత్తి తిప్పడం మీద కన్నా సంబంధాలు చూడ్డం మీద, ఎవరికి ఏది రాసివ్వాలో లెక్క వేయడం మీద ఎక్కువ ఆధారపడుతుంది. పెద్దకొడుకు, అలిగిన చిన్నకొడుకు, పెళ్లయి వెళ్లిన కూతురు, గద్దె మీద కన్నేసిన బాబాయి... ఎక్కడో విన్నట్టుందా? విన్నట్టే ఉంటుంది మరి. మన ఇళ్లలో జరిగేదీ అదే కదా!

ఆట పేరు 'క్రూసేడర్ కింగ్స్'. స్వీడన్‌కు చెందిన ప్యారడాక్స్ సంస్థ తయారు చేసింది. మొదటిది 2004లో, రెండోది 2012లో, మూడోది 2020 సెప్టెంబరు 1న వచ్చాయి. మూడో ఆటలో క్రీ.శ.867లోనో, 1066లోనో ఒక రాజును ఎంచుకుని మొదలుపెట్టొచ్చు. మ్యాపులో ఐరోపాతో పాటు మన దేశమూ ఉంటుంది.

ఒకరు పోయాకే అసలు ఆట

మిగతా ఆటల్లో మన బొమ్మ చచ్చిపోతే ఆట అయిపోయినట్టే. ఇందులో అలా కాదు. రాజు పెళ్లి చేసుకుంటాడు, పిల్లల్ని కంటాడు, ముసలివాడై పోతాడు. ఆ మరుక్షణం ఆడేవాళ్లు అతని వారసుడి వేషంలోకి వచ్చేస్తారు. వంశంలో గద్దె ఎక్కేవాళ్లు ఒక్కరూ మిగలకపోతేనే ఆట ముగుస్తుంది.

కొత్తగా ఆడేవాళ్లందరికీ మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే. నలభై ఏళ్లు యుద్ధాలు చేసి రాజ్యం పెంచుతారు. రాజుగారు కన్నుమూస్తారు. తీరా చూస్తే రాజ్యం ముగ్గురు కొడుకుల మధ్య మూడు ముక్కలు! ఎందుకంటే ఆ ఆటలో చాలా రాజ్యాలకు మొదట్లో ఉండే చట్టమే 'పంపకం'. పెద్దవాడికి రాజధాని, పెద్ద బిరుదు దక్కుతాయి. మిగతా సీమలు తమ్ముళ్లకు పోతాయి. మరి కూతుళ్లకో? కొడుకులు ఉన్నంత కాలం వాళ్లకు ఏమీ రాదు. చాలా రాజ్యాల్లో మొదట ఉండేది 'మగపిల్లలకే ముందు' అనే పద్ధతి.

బాగా ఆడేవాళ్లు ఈ చిక్కును ఎలా దాటతారు? సమాన హోదా ఉన్న బిరుదులు రెండు మూడు ఒకరి దగ్గరే పోగుపడనివ్వరు. చిన్నకొడుక్కి తాము బతికుండగానే ఒక సీమ ఇచ్చి స్థిరపరుస్తారు. పంపకం రోజున అది అతని వాటా కిందే లెక్కకొస్తుంది. వీలైన రోజున చట్టాన్నే మారుస్తారు. దానికి సంపాదించుకున్న పరువు ఖర్చు పెట్టాలి. కూతురే వారసురాలైతే ఇల్లరికం లాంటి పెళ్లి చేస్తారు. అలాంటి పెళ్లిలో పుట్టిన పిల్లలు తల్లి వంశానికే చెందుతారు. ఆ సంగతి మరిచి మామూలు పెళ్లి చేశారో... మనవడి కాలానికి గద్దె అల్లుడిగారి వంశం చేతుల్లో ఉంటుంది.

ఈ ఉపాయాలన్నిటికీ ఒక్కటే షరతు. రాజు బతికుండగానే చేయాలి. పోయాక చేయగలిగేది యుద్ధమొక్కటే!

ఇదంతా ఐరోపా రాజుల గొడవ, మనకెందుకు అనుకోకండి. సరిగ్గా ఇదే కథ మన గోదావరి గట్టున నిజంగానే జరిగింది.

ద్రాక్షారామం చెప్పే కథ

కోనసీమలోని కె.గంగవరం మండలం సంగతి చూడండి. ఒక కొసన గౌతమి ఒడ్డున కోటిపల్లి రేవు. పొరుగునే ద్రాక్షారామం. కార్తీకమాసంలో ఈ రెండు క్షేత్రాలూ చూడని ఇల్లాలు ఈ చుట్టుపక్కల ఉండదేమో! ద్రాక్షారామంలో భీమేశ్వరుడికి గుడి కట్టించింది వేంగి రాజు చాళుక్య భీముడు. ఆయన పేరుమీదే స్వామి భీమేశ్వరుడయ్యాడని చెబుతారు. అయితే ఆ భీముడు గద్దె ఎక్కిన తీరు, ఆయన పోయాక జరిగిన గొడవ తెలుసుకుంటే ఆటకన్నా ఆసక్తిగా ఉంటుంది.

867లో వేంగిని ఏలుతున్నది గుణగ విజయాదిత్యుడు. తూర్పు చాళుక్యుల్లో గొప్ప యోధుడని పేరు. ఆయన తరవాత 892లో గద్దె ఎక్కింది కొడుకు కాదు, తమ్ముడి కొడుకైన భీముడు. దాంతో బాబాయి యుద్ధమల్లుడు తిరగబడ్డాడు. 'నేనుండగా వాడెవడు?' అన్నదే ఆయన వాదం. పరాయి రాజులైన రాష్ట్రకూటుల సాయం కూడా తీసుకున్నాడు. భీముడు తట్టుకుని ముప్ఫై ఏళ్లు ఏలాడు కానీ, బాబాయి కడుపుమంట మాత్రం చల్లారలేదు. అది కొడుక్కి వారసత్వంగా వెళ్లింది. భూములే కాదు, పగలూ వారసత్వంగా వస్తాయి మరి!

భీముడి కొడుకు ఆరు నెలలే ఏలి యుద్ధంలో పోయాడు. మనవడు అమ్మరాజు ఏడేళ్లు ఏలాడు. అతని కొడుకు బేత విజయాదిత్యుడు పసివాడు. పట్టం కట్టిన పదిహేను రోజులకే యుద్ధమల్లుడి కొడుకు తాళరాజు వచ్చి ఆ పిల్లవాడిని చెరలో వేసి గద్దె ఎక్కాడు. నెల తిరక్కుండానే తాళరాజునూ చంపి మరొకరు వచ్చారు. వేంగి రాజుల తామ్రశాసనాల్లో ఎవరెంతకాలం ఏలారో వరసగా రాసుకుంటూ వచ్చారు. ముప్ఫై ఏళ్లు, ఆరు నెలలు, ఏడేళ్లు, పదిహేను రోజులు, నెల... ఆ అంకెలు చదువుతుంటేనే ఇంటి గొడవ కళ్ల ముందు కనిపిస్తుంది.

ఇంతా చేసి వీళ్ల దగ్గర లేనిదేమిటి? సైన్యం ఉంది, సిరి ఉంది. నా తరవాత ఎవరు అన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబు ఒక్కటే లేదు. పెద్దకొడుకా, తమ్ముడా, తమ్ముడి కొడుకా... ఎవరి లెక్క వాళ్లది.

అమ్మమ్మగారింటి నుంచి రాజ్యం

ఇంకో వందేళ్లకు ఈ కథలోకి ఆడవాళ్లు వస్తారు. విమలాదిత్యుడనే వేంగిరాజు తంజావూరు రాజరాజ చోళుడి కూతురు కుందవను పెళ్లాడాడు. ఆయనకు మరో భార్య కూడా ఉంది. కుందవ కొడుకు రాజరాజ నరేంద్రుడు. అవును, రాజమహేంద్రవరంలో నన్నయగారి చేత భారతం రాయించిన ఆయనే. రెండో భార్య కొడుకు మరో విజయాదిత్యుడు. సవతి తల్లుల బిడ్డలు, ఒకటే గద్దె... ఇక చెప్పేదేముంది?

మేనమామ రాజేంద్ర చోళుడి అండతో 1022లో నరేంద్రుడికి పట్టాభిషేకం జరిగింది. సవతి తమ్ముడు కల్యాణి చాళుక్యుల అండ చూసుకున్నాడు. కొంతకాలం గద్దె లాక్కున్నాడు కూడా. ఎవరి పుట్టింటి బలం వాళ్ల కొడుక్కి! నరేంద్రుడు మేనమామ కూతురు అమ్మంగదేవినే పెళ్లి చేసుకున్నాడు. మన మేనరికమే. 1061లో ఆయన పోగానే వేంగి సవతి తమ్ముడి పాలైంది. ఆటలో రెండో ప్రారంభ సంవత్సరం 1066 కదా... సరిగ్గా అప్పటికి తండ్రి గద్దె చేజారిన రాకుమారుడొకడు అదను కోసం చూస్తున్నాడు. అతనే అమ్మంగదేవి కొడుకు రాజేంద్రుడు.

1070లో చోళరాజు పోయాడు. నేరుగా వారసుడు లేడు. అప్పుడు ఆ సింహాసనం ఎక్కింది ఈ గోదావరి కుర్రాడే. కులోత్తుంగ చోళుడన్న పేరుతో 1122 దాకా దక్షిణాదిని ఏలాడు. అతను తండ్రి వైపు చాళుక్యుడు. తల్లి చోళుల ఆడపడుచు, నాయనమ్మ చోళుల ఆడపడుచు, పెళ్లాడిన మధురాంతకి కూడా చోళుల ఆడపడుచే. అంటే అంత పెద్ద రాజ్యం ఆడవాళ్ల ద్వారానే అతని చేతికొచ్చింది!

చిత్రమేమిటంటే, వేంగి చాళుక్యుల్లో ఏలినవాళ్ల వరసలో ఒక్క ఆడపేరు కూడా లేదు. కుందవ, అమ్మంగదేవి... రాజ్యాన్ని ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మోసుకెళ్లారే తప్ప దాన్ని ఏలలేదు. ద్రాక్షారామం గుడి గోడల మీద, స్తంభాల మీద చెక్కిన శాసనాల్లో మాత్రం ఆడవాళ్ల పేర్లు చాలానే కనిపిస్తాయి. స్వామికి అఖండదీపం వెలగడానికి గొర్రెలో, ఆవులో, డబ్బో ఇచ్చిన దాతల పేర్లవి. తమదంటూ కొంత సొత్తు వాళ్లకు ఉండబట్టే కదా ఇవ్వగలిగారు! సొత్తు ఉంది, దానం చేసే చెయ్యి ఉంది. వారసుల జాబితాలో చోటే లేదు.

గణపతిదేవుడి ముందుచూపు

ఆ చోటు దక్కించుకున్న ఆడపిల్ల మరో రెండు శతాబ్దాలకు ఓరుగల్లులో కనిపిస్తుంది. కాకతి గణపతిదేవుడికి కొడుకులు లేరు. ఆయన తన తరవాతి సంగతి తన కళ్లముందే చక్కబెట్టాడు. కూతురు రుద్రమను పాలనలో కూర్చోబెట్టాడు. ఆమెను శాసనాల్లో రుద్రదేవ మహారాజనే రాశారు. ఆడపిల్ల పేరు రాస్తే ఒప్పుకోరేమోనని మగపేరు! 1262 ప్రాంతం నుంచి ఆమే ఏలింది.

పెళ్లి సంగతీ చూడండి. గోదావరి అవతలి ఒడ్డున నిడదవోలును ఏలుతున్న చాళుక్య వీరభద్రుడితో చేశారు. అల్లుడి చేతికి ఓరుగల్లు గద్దె ఇవ్వలేదు. రుద్రమకు పుట్టినవాళ్లు కూతుళ్లే. పెద్దకూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడిని రుద్రమ దత్తత తీసుకుంది. అంటే కూతురి కొడుకు కాస్తా తన కొడుకయ్యాడు, కాకతీయుడయ్యాడు. ఆటలో ఇల్లరికపు పెళ్లితో సాధించేదాన్ని ఏడువందల ఏళ్ల కిందటే దత్తతతో సాధించారన్నమాట!

ఆడది ఏలడం కొందరు సామంతులకు మింగుడు పడలేదు. కాయస్థ అంబదేవుడు తిరుగుబాటు చేశాడు. రుద్రమ మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం 1289 నాటిది. అదే ఏడాది ప్రతాపరుద్రుడు గద్దె ఎక్కాడు. వేంగిలో జరిగినట్టు పదిహేను రోజులకొకరు మారలేదు. 1323 దాకా అతనే రాజు. కారణం ఒక్కటే. ఎవరి తరవాత ఎవరన్నది అందరికీ ముందే తెలుసు.

రాజ్యాలు పోయాయి... వాటాలు మిగిలాయి

ఇప్పుడు మనకు రాజ్యాలు లేవు. ఎకరం కొబ్బరితోట, రెండెకరాల వరిచేను, ఊళ్లో పెంకుటిల్లు, బ్యాంకులో కాస్త డబ్బు. అయినా ఆ పంపకాల దగ్గర మాటామాటా పెరిగి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు విడిపోయిన ఇళ్లు ఎన్ని లేవు? ఆటలో చట్టం మార్చడానికి ఒక్క నొక్కు చాలు. మన చట్టం మారడానికి తరాలు పట్టింది.

1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టం, తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కొడుకులతో పాటు కూతుళ్లకు, భార్యకు, తల్లికి సమాన వాటా ఇచ్చింది. ఆడవాళ్ల చేతిలోని ఆస్తిపై వాళ్లకే సంపూర్ణ హక్కు ఇచ్చింది. కానీ పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం మగపిల్లలకే ఉంచేసింది. ఆటలోని 'మగపిల్లలకే ముందు' లాంటిదే!

దాన్ని మార్చడంలో ముందడుగు మనదే. ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. కూతురికీ కొడుకులాగే పుట్టుకతో హక్కు వచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న దేశమంతటికీ వచ్చిన సవరణతో పెళ్లయినా, కాకున్నా కూతురు సమాన హక్కుదారే అయింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా పంపకాలు ముగిసిన ఆస్తుల్ని మాత్రం తిరగదోడరు. హక్కుతో పాటు ఆ ఆస్తి మీది బాధ్యతలూ కూతురివే.

ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న అనుమానం చాలాకాలం నడిచింది. అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వచ్చిందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. క్రూసేడర్ కింగ్స్ మూడో ఆట మార్కెట్లోకి వచ్చింది ఆ తరవాత సరిగ్గా మూడు వారాలకు!

ఇవన్నీ హిందూ కుటుంబాలకు వర్తించేవి. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. ముస్లిం కుటుంబాల్లో కొడుకు వాటాలో సగం కూతురికి వస్తుంది.

'నీకు పెళ్లికే ఇచ్చేశాంగా!'

చట్టం వచ్చినంత మాత్రాన అన్నీ చేతికి అందుతాయా? తండ్రి పోయిన పదోరోజు దాటకుండానే, 'చిన్న సంతకం పెట్టు చెల్లెమ్మా, బ్యాంకు పనికి' అంటూ కాగితాలు వస్తాయి. ఏమిటని అడిగితే అన్నయ్య మీద నమ్మకం లేదా అన్న నిష్ఠూరం. 'నీకు పసుపు కుంకుమ కింద ఇచ్చేశాంగా' అన్న మాట సరేసరి. పెళ్లికి పెట్టిన ఖర్చుతో చట్టం ఇచ్చిన వాటా రద్దు కాదు.

పుట్టింటి గడప శాశ్వతంగా మూసుకుంటుందేమోనన్న భయంతోనే చాలామంది అడగరు. ఆ భయం ఉత్తదేమీ కాదు. పండక్కి పిలిచి చీర పెట్టే అన్నను ఎవరు వదులుకుంటారు? అందుకే ఈ భారం ఆడపిల్ల నెత్తిన పెట్టకూడదు. ఆమె నోరు తెరిచి అడగాల్సిన అవసరమే రాకుండా అమ్మానాన్నలు బతికుండగానే రాసిపెట్టాలి. గణపతిదేవుడు చేసింది అదే. రుద్రమ తన వాటా తానే అడుక్కోవాల్సి వచ్చి ఉంటే ఏమయ్యేదో!

మనింటి ఆటలో ఎత్తులు

• చదవని కాగితం మీద సంతకం వద్దు. అది హక్కు విడుదల దస్తావేజు అయితే మీ వాటా వదులుకున్నట్టే. ఇష్టపూర్వకంగా వదులుకోవడం వేరు, తెలియక వదులుకోవడం వేరు. ఒకరోజు గడువు అడిగి, తెలిసినవాళ్లకు చూపించండి.

• ఏది పిత్రార్జితమో, ఏది స్వార్జితమో ముందు తెలుసుకోండి. స్వార్జితాన్ని తండ్రి ఎవరికైనా రాయొచ్చు. పిత్రార్జితంలో తన వాటాను మాత్రమే రాయగలడు.

• బ్యాంకు డిపాజిట్లో నామినీగా పేరున్నంత మాత్రాన డబ్బంతా ఆ మనిషిది కాదు. తీసుకునే అధికారం నామినీది, పంచుకునే హక్కు వారసులది. ఇక్కడే సగం తగవులు.

• బతికుండగానే పంచేయాలన్న తొందరలో ఉన్నదంతా గిఫ్ట్ డీడ్ చేసి చేతులు దులుపుకోవద్దు. ఆటలో కూడా కొడుకులకు అన్నీ ముందే ఇచ్చేసిన రాజు మాట ఎవరూ వినరు! ఉండే ఇల్లు, నెల ఖర్చుకు ఆధారం మీ పేరే ఉంచుకోండి. ఇచ్చేదానిలోనూ చివరిదాకా పోషించాలన్న షరతు పత్రంలో రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద, ఆ షరతు తప్పితే ఇచ్చింది రద్దు చేయమని అడగొచ్చు.

• వీలునామాకు ఇద్దరు సాక్షులు తప్పనిసరి. లబ్ధి పొందేవాళ్లు సాక్షులు కాకుంటే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేయిస్తే తరవాత వాదాలు తగ్గుతాయి. మనసు మారితే ఎన్నిసార్లయినా మార్చి రాయొచ్చు. చివరిదే చెల్లుతుంది.

మరి మీ తరవాత?

వీలునామా అనగానే 'అది ఆయన పని' అనేస్తాం. కానీ మీ జీతంతో కొన్న స్థలం, మీ పేరున్న డిపాజిట్, మీ నగలు... వాటి మాటేమిటి? హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే ఆమె స్వార్జితం మొదట పిల్లలకు, భర్తకు వెళ్తుంది. వాళ్లు లేకపోతే తరవాతి వరస భర్త తరఫు వారసులది. కన్న తల్లిదండ్రులు ఆ తరవాతే! పిల్లలు లేని వితంతువు తన కష్టార్జితం వయసుడిగిన తల్లికి అందాలనుకుంటే మనసులో అనుకుంటే చాలదు, కాగితం మీద పెట్టాలి. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికైతే పిల్లలు లేనప్పుడు తండ్రి వారసులకు తిరిగి వెళ్లే దారి చట్టంలో ఉంది. సొంత సంపాదనకు ఆ దారి లేదు.

కాబట్టి ఈసారి మీ అబ్బాయో అమ్మాయో ఆ ఆట ముందు కూర్చుంటే వెంటనే కసరకండి. 'మీ రాజు తరవాత ఎవర్రా?' అని అడిగి చూడండి. వంశవృక్షం తెరిచి మరీ చూపిస్తారు. కూతురికి రాజ్యం రావాలంటే ఏం మార్చాలో కూడా చెబుతారు. అప్పుడు మన ఇంటి సంగతీ ఎత్తొచ్చు. చావు మాట ఎత్తితే అపశకునమని నోరు నొక్కే ఇళ్లలో కూడా ఆట పేరు చెప్పి ఆ మాట తేలిగ్గా నడుస్తుంది.

వేంగిలో పదిహేను రోజుల రాజుకు సైన్యం తక్కువై గద్దె పోలేదు. తనకు ముందున్నవాళ్లు తేల్చకుండా వదిలేసిన లెక్క ఆ పసివాడి మెడకు చుట్టుకుంది. మన పిల్లలకు మనం ఇచ్చే ఆస్తి ఎంతైనా కావచ్చు, లెక్క మాత్రం తేల్చే ఇద్దాం. ఆ లెక్కలో అమ్మాయి పేరూ ఉండాలి, అమ్మ సంతకమూ ఉండాలి!